దసరా సెలవుల్ల ఇంటిల్లిపాది పద్య నాటకానికి పోవుడు: హార్మోనియం పెట్టె ముంగట కూసున్నోని మాట

చెల్లె, మీరు రాసింది రెండుసార్లు చదివిన. దసరా సెలవుల్ల నల్లగొండకు నాటకాల సమాజం వస్తుంది, నాలుగు రోజులు ఆడ్తరు, అండ్ల ఒకరోజు ప్రహ్లాదుని కథ, ఒకరోజు ఘటోత్కచుడు శశిరేఖ కథ, టికెట్ 200, మీరు ఇంట్ల ఆరుగురు. అత్తమ్మేమో పోదాం పోదాం అని పానం కొట్టుకుంటుంది, మీ ఆయనేమో పద్యానికి పది నిమిషాలు రాగం తీస్తరు పిల్లలు ఇంటర్వెల్ దాక గూడ కూసోరు 1200 దండుగ అంటున్నడు. బాబుకు ఐదేండ్లు, పాపకు తొమ్మిది. ఏ రోజు పోవాలె, ఏడ కూసోవాలె, అసలు పోవాల్నా వద్దా, ఇదీ మీరడిగింది.

పోండి. కాకపోతె సినిమాకు పోయినట్టు టికెట్ కొనుక్కొని పోయి కూసుంటె మాత్రం మీ ఆయన చెప్పిందే నిజమైతది. దానికి ఇంట్ల రెండు రోజులు ముందుగాల్నే జర తయారు కావాలె, ఆ తయారు ఎట్లనో చెప్త.

నేను దేవరకొండ దిక్కోణ్ని. బళ్లె సారు నౌకరి చేసుకుంటనే 30 ఏండ్లకు పైన పద్య నాటకాలకు హార్మోనియం వాయించిన, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, అచ్చంపేట, కల్వకుర్తి, ఏడ జాతరుంటె ఆడికి, ఏడ శివరాత్రి జాగారం నాటకముంటె ఆడికి. నాటకంల అందరు స్టేజీనే చూస్తరు, హార్మోనియపోడు ఒక్కడే అటు స్టేజీని ఇటు జనాన్ని రెండిట్ని చూస్తడు, ఎందుకంటె నటుడు రాగాన్ని ఇంకా లాగాల్నా ఆపాల్నా అన్నది ముందు వరుసల మొకాలు చూస్తె తెలుస్తది, మేం పెట్టె మీద చిన్నగ ముగింపు స్వరం వేస్తె ఆయన ఆపుతడు. అట్ల ముప్పై ఏండ్లు జనాల మొకాలు చూసిన అనుభవం తోని చెప్తున్న, పిల్లలు నాటకంల ఎందుకు కూసుంటరు ఎందుకు కూసోరు అన్నది నాకు మంచిగనే తెలుసు.

అది గూడ ముందు నా ఇంట్ల దెబ్బ తినే తెలుసుకున్న. మా పెద్దోడికి ఏడు చిన్నదానికి నాలుగు ఉన్నప్పుడు, నేను వాయించేది కాదు వేరే సమాజమోళ్లది ప్రహ్లాదుని నాటకమని ఇద్దర్ని మా ఇంటామెను ఎంటేసుకొని పోయిన, హాలు పేరెందుకు లెండి. పిల్లలకు కథ చెప్పలే, నాకు తెల్సు కదా అందరికి తెల్సు అనుకున్న. మొదటి గంట చిన్నది "నాయిన ఆయనెందుకు అరుస్తుండు, ఆయనెందుకు అరుస్తుండు" అని అడుగుడే అడుగుడు, తర్వాత ఒళ్లె పండుకుంది, సరిగ్గ అప్పుడే స్తంభం పగిలింది, ఢామ్మని చప్పుడు, పొగ, ఎర్ర లైటు, పొగలకెళ్లి సింగం మొకం. ఒక్క కేక పెట్టింది సూడు, హాలు హాలంత మా దిక్కే చూసింది. బయటికొచ్చి కూసుంటె దోమలు, ఆఖరి బస్సు పోయింది, మా ఇంటామె ఆ రాత్రి నన్ను అన్న మాటలు ఇక్కడ రాసేటియి కావు. ఆ పిల్ల తర్వాత రెండేండ్లు నాటకం అంటె రాలేదు.

అందుకని మొట్టమొదటి పని, కథ మొత్తం ముందుగాల్నే చెప్పండి. సినిమాకయితె కథ చెప్తె మజా పోతది, నాటకంల కథ తెల్వకపోతెనే మజా పోతది. మన తాతల కాలం నుంచి నాటకానికి పోయినోళ్లందరు కథ తెల్సే పోయిన్రు, మరి ఎందుకు పోయిన్రు అంటె ఈ శకుని ఎట్ల నడుస్తడు, ఈ ఘటోత్కచుడు ఎంత లావుంటడు, ఈ కృష్ణుడు ఫలానా పద్యం ఏ రాగంల ఎత్తుకుంటడు, అది చూడనీకి. మీ పాపకు బాబుకు చెప్పే పని మీరు పెట్టుకోకండి, అత్తమ్మకు అప్పజెప్పండి. రెండు రాత్రులు, పండుకునేటప్పుడు. బలరాముడు బిడ్డె శశిరేఖను అభిమన్యుడికి ఇస్త అన్నడు, పాండవులు జూదంల అన్ని పోగొట్టుకున్నంక మాట మార్చి దుర్యోధనుడి కొడుకు లక్ష్మణ కుమారుడికి ఇస్త అన్నడు, అప్పుడు అడవిల ఉన్న ఘటోత్కచుడు తమ్ముని కోసం వచ్చి నిజం శశిరేఖను మాయం చేసి తానే శశిరేఖ లెక్క పెండ్లి పీటల మీద కూసున్నడు. ఇంత చెప్తె చాలు, ఐదేండ్లోడు గూడ "మరి ఘటోత్కచుడు చీర కట్టుకున్నడా" అని అడుగుతడు. అడిగిండంటె మీ పని అయిపోయినట్టే, ఆ చీర కట్టుకున్న ఘటోత్కచుణ్ని చూసేదాక వాడు లేవడు.

పాప తొమ్మిదేండ్లది కదా, దానికి ఇంకో ముచ్చట గూడ చెప్పండి, ఈ కథ వ్యాసుని భారతంల లేదు. మన కవిత్రయం భారతంల గూడ లేదు. జనం నోట్ల పుట్టి నాటకాలల్ల పెరిగిన కథ ఇది, మరాఠీ దిక్కు, తమిళం దిక్కు ఆ పిల్ల పేరు శశిరేఖ గాదు వత్సల. పెద్ద పిల్లలకు ఇట్లాంటియి చెప్తె జర గొప్పగ అనిపిస్తది, బళ్లె పోయి చెప్పుకుంటరు.

ఇగ మీ ఆయన బాధ, రాగం. తప్పు ఆయనది గాదు, ఎవరూ చెప్పలే. పద్యం నాలుగు పాదాలు మామూలుగ చదివితె ఇరవై సెకండ్లు. స్టేజీ మీద మూడు నిమిషాలు. ఈ మూడు నిమిషాలు ఏం జరుగుతుందో తెల్సుకుంటె విసుగు రాదు. నటుడు ముందుగాల శృతి అందుకొని చిన్న ఆలాపన చేస్తడు, అంటె "నేను పాడబోతున్న, నిమ్మలంగుండున్రి" అన్నట్టు. తర్వాత మొదటి రెండు పాదాలు గబగబ మాట లెక్కనే అంటడు, అండ్ల సంగతేందో ఉంటది, ఎవరు ఎవర్ని ఏమన్నరు అన్నది. మూడో పాదం కాడ గొంతు లేస్తది. నాలుగో పాదం ఆఖరి మాట మీద ఆగి ఆడికెళ్లి రాగం పట్టి పైకి పోతడు, హార్మోనియం ఎంటబడి పోతది, పైన కొంచెంసేపు నిలబడి మెల్లగ దిగి వచ్చి ఆపుతడు, తబలా మీద ఒక దెబ్బ పడ్తది. పిల్లలకు ఇది ఎట్ల చెప్పాల్నంటె, గాలిపటం లెక్క అని చెప్పండి. ముందు ఉరుకుతడు, తర్వాత దారం వదుల్తడు, పైకి పోయినంక అట్లనే చూస్తడు, తర్వాత చుట్టుకుంటడు. మా బళ్లె నాలుగో తరగతోళ్లకు ఇట్లనే చెప్పేటోణ్ని, అందరికి సమజయ్యేది.

రాగం అంత పైకి ఎందుకు తీస్తరు అని గూడ అడుగుతరు. మైకులు లేని కాలంల ఆఖరి వరుసల చెట్టు మీద కూసున్నోనికి గూడ ఇనబడాలె కదా, అందుకని పెద్ద శృతిల పాడేటోళ్లకే పేరొచ్చేది, అదే అలవాటుగ నిలిచింది. ఇంకొకటి, మన పద్య నాటకాలకు 1880ల కాలంల ఊర్లు తిరిగిన ధార్వాడ కంపెనీలు, పార్సీ కంపెనీల నాటకాల గాలి తగిలింది, అందుకే కర్ణాటక రాగాల పక్కన భీంపలాసి, కాపీ, బేహాగ్ లాంటియి గూడ ఇనబడ్తయి. హార్మోనియం గూడ మనది గాదు, 1842ల పారిస్‌ల డెబేన్ అనే ఆయన పేటెంటు తీసుకున్న వాయిద్యం, అది కాలితోని తొక్కేది, చేతితోని గాలి కొట్టేది మన కలకత్తల తయారయ్యింది. ఇంకో గమ్మతి చెప్త, ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాక హార్మోనియాన్ని లోపలికి రానియ్యలే, మన రాగాలకు పనికిరాదని నిషేధం పెట్టిండ్రు. రేడియోల వద్దన్న ముప్పై ఏండ్లు ఊర్లల్ల మాత్రం అది లేకుండ ఒక్క నాటకం లేవలేదు. అందుకే నాకు ఆ పెట్టె అంటె జర పక్షపాతం, ఏమనుకోకండి.

ఇగ సీట్లు. అందరు మొదటి వరుస అంటరు, నేను వద్దంట. మొదటి రెండు వరుసలల్ల స్పీకర్ డబ్బాలు చెవుల్నే కూసుంటయి, ఐదేండ్లోడికి కష్టం, పైకెళ్లి స్టేజీ ఎత్తుగుంటె నటుల కాళ్లు తప్ప కనబడయి. నాలుగో వరుస నుంచి ఎనిమిదో వరుస దాక మంచిగుంటది, మాటలతోని పాటు మొకం గూడ కనబడ్తది. నడిమిట్ల గాకుండ దారి పక్క సీట్లు తీస్కోండి, ఎందుకంటె అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు అని రాసిండ్రు, బాబును ఎప్పుడన్న బయటికి ఎత్కపోవాల్సొస్తె గూడ పదిమంది మోకాళ్లు తొక్కే పని ఉండదు. ఏ దిక్కు దారి పక్క అంటె, హార్మోనియం తబలా ఏ దిక్కు పెడ్తున్నరో టికెట్ తీస్కునేటప్పుడే అడగండి, కొందరు స్టేజీ కింద ముంగట పెడ్తరు, కొందరు పక్కకు పెడ్తరు. ఆ దిక్కు కూసోండి. పిల్లలకు స్టేజీ మీద విసుగొస్తె వాయిద్యాలోళ్ల చేతులు చూస్తరు, తబలాయన వేళ్లు చూసుకుంట అరగంట కూసున్న పిల్లల్ని ఎంతమందినో చూసిన. ఇది నా పక్షపాతం గాదు, నిజమే చెప్తున్న.

ఏ రోజు అంటె, ఐదేండ్లోడు ఉన్నడు గాబట్టి ఘటోత్కచుని రోజు. ప్రహ్లాదుని కథల చిన్న పిల్లగాడే హీరో కదా అని మంది అదే పిల్లలకు మంచిదనుకుంటరు, కాని అండ్ల ఏనుగుతోని తొక్కించుడు, పాముల మధ్యల పడేసుడు, విషం తాపుడు, ఆఖరికి తండ్రి పేగులు తీసుడు, అంత హింసనే. మన ఊర్లల్ల నరసింహుడి వేషం కట్టేటోళ్లు ఒక్కపొద్దుండి మొక్కు లెక్క కట్టేది, వేషం మీదికి వచ్చినంక ఇద్దరు మనుషులు నడుముకు తుండు కట్టి ఎనకనుంచి పట్టుకునేది, పూనకంల హిరణ్యకశిపుడి వేషగాణ్ని నిజంగనే ఏమన్న చేస్తడేమోనని. పెద్దోళ్లకే వెంట్రుకలు లేస్తయి. పాప చూడొచ్చు, ఆమెకు స్తంభం పగులుతదని ముందు చెప్తె చాలు. బాబుతోని అయితె వద్దు, వచ్చేయేడు చూద్దురు. అత్తమ్మ "కాటి సీను లేదా" అని అడుగుతది, నాకు తెల్సు, ఆ వయసోళ్లందరు అడుగుతరు, హరిశ్చంద్రుడు భార్య దగ్గర కాటి సుంకం అడిగేది చూసి ఏడ్వందే వాళ్లకు నాటకం చూసినట్టుండదు. దానికి ఆమెను మామను వేరేగ పంపియ్యండి, పిల్లలతోని గాదు.

వచ్చే సమాజం పేరు మీరు రాయలే. సురభోళ్లయితె మాత్రం ఇంకో మాట లేకుంట పోండి. వాళ్లది ఒక కుటుంబం సమాజం, 1885ల కడప జిల్లా సురభి అనే ఊర్లె కీచక వధ నాటకం తోని మొదలయ్యింది, వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన కొమ్మకెళ్లి పిల్లలు, మనుమలు, అల్లుండ్లు, కోడండ్లు ఎన్నో మండలీలుగ చీలి ఊరూరు తిరిగిన్రు. ఆ రోజుల్ల మిగతా నాటకాలల్ల ఆడ వేషాలు మగోళ్లే కట్టేది, వీళ్ల కాడ మాత్రం ఇంటి ఆడోళ్లే కట్టిన్రు. శ్రీ వెంకటేశ్వర నాట్య మండలి అని 1937ల పుట్టింది ఇప్పటికి ఆడ్తనే ఉంది, దాన్ని చాన ఏండ్లు నడిపిన నాగేశ్వరరావు గారికి, బాబ్జీ అంటరు అందరు, 2013ల పద్మశ్రీ ఇచ్చిన్రు, 2022ల పోయిండు ఆయన. హైదరాబాదుల పబ్లిక్ గార్డెన్స్ లలిత కళా తోరణంల వాళ్ల నాటకాలు నేను ఎన్నిసార్లు చూసిన్నో లెక్క లేదు, ఇక్కడికెళ్లి పొద్దుగాల బస్సెక్కి పోయి రాత్రి నాటకం చూసి ఎంజీబీఎస్ బస్టాండ్ల పండుకొని తెల్లారి వచ్చేటోణ్ని.

వాళ్ల కాడ గమ్మతి ఏందంటె కంప్యూటర్ గ్రాఫిక్కులు ఏం ఉండయి, మొత్తం తీగలు, కప్పీలు, తెరలు, చేతులు. బాణం బాణం గాలిల గుద్దుకొని నిప్పులు రాల్తయి, నారదుడు మబ్బులకెళ్లి దిగుతడు, ఘటోత్కచుని ముంగట లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లెకు పోతయి. ఒకటెనక ఒకటి తెరలు చుట్టి పెట్టుకుంటరు, అడవి తెర పైకి పోంగనే ఎనక రాజదర్బారు తయారుగుంటది, అర నిమిషం గూడ పట్టదు. పాపతోని ఒక పందెం పెట్టండి, ఎన్ని తీగలు కనిపెడ్తవో చూద్దామని. తీగ కనబడ్తె మోసం అనకండి పిల్లల ముంగట, తీగ కనబడినా గూడ లడ్డు లేస్తుంటె నవ్వొస్తది, అదే దాని అందం. ఇంకొకటి, వాళ్ల ఇండ్లల్ల పిల్లలు నడక రాకముందె స్టేజీ ఎక్కుతరు, చిన్ని కృష్ణుని వేషానికి నిజంగ చంటి పిల్లగాణ్నే తెస్తరు. మీ బాబుకు తన ఈడు పిల్లగాడు కిరీటం పెట్టుకొని లైట్లల్ల నిలబడి మాట చెప్తుంటె చూసుడు, దానికి మించి వాణ్ని కూసోబెట్టేది ఏం లేదు. మేం వాయించిన లోకల్ నాటకాలల్ల గిదే కొరత ఉండె, అందరం నలభై దాటిన సార్లం, కండక్టర్లం, పట్వారి కొడుకులం, ఆడ వేషానికి గుంటూరు తెనాలి దిక్కు నుంచి ఆర్టిస్టును పిలిపించుకునేది, ఆమె పొద్దున బస్సు దిగి రాత్రి మాతోని ఆడి తెల్లారి బస్సెక్కేది, రిహార్సల్ ఒక్కటి గూడ ఉండకపోయేది. అయినా పద్యం ఎత్తుకుంటె సరిగ్గ మా శృతిల పడేది, వాళ్లకు దండం పెట్టాలె.

లోకల్ సమాజమే వస్తుంటె తక్కువ చేయకండి, కాని ట్రిక్కులు ఎక్కువుంటయని పిల్లలకు ఆశ పెట్టకండి. వాళ్ల కాడ సంగీతం ఎక్కువ, ట్రిక్కులు తక్కువ.

పిల్లలకు చెప్పాల్సిన అసలు ముచ్చట ఇప్పుడు చెప్త, వన్స్ మోర్. పద్యం నచ్చితె వన్స్ మోర్ అని కేకెయ్యొచ్చు, కేకేస్తె ఆయన మళ్లొకసారి పాడ్తడు. ఇది చెప్పి చూడండి పిల్లలకు, నమ్మరు ముందు. ఇంట్ల టీవీ మీద ఎంత అరిసినా హీరో ఇనడు కదా, ఇక్కడ ఇంటడు. అయితె ఎప్పుడు అరవాల్నో నేర్పియ్యండి, రాగం నడుమల అరిస్తె నటుడికి దమ్ము తప్పుతది, ఆయన కిందికి దిగి ఆపి తబలా దెబ్బ పడ్డంకనే. ఒక్కసారే. వెనకటికి ఊర్లల్ల రాయబారం ఘట్టంల కృష్ణునికి ఒకే పద్యానికి నాలుగు వన్స్ మోర్‌లు కొట్టేటోళ్లు, ఇటు దిక్కు జనం కృష్ణునికి కొడ్తె అటు దిక్కోళ్లు పంతంగ దుర్యోధనునికి కొట్టేది, నాటకం తెల్లారేదాక సాగేది, నా వేళ్లు బొబ్బలొచ్చేటియి. నడిమిట్ల మైకుల చదివింపులు, "ఫలానా ఊరి ఫలానాయన నూట పదహార్లు" అని, నాటకం ఆగుడు మళ్ల మొదలవుడు. టికెట్ ఆటలల్ల అదేం ఉండది గాని, పద్యం అయిపోయినంక చప్పట్లు మాత్రం కొట్టండి. మీ ఇంట్లోళ్లు ఆరుగురు కొట్టినా నటుడికి తెలుస్తది, ఆరు వరుసల అవతలకెళ్లి మేం గుర్తుపడ్తం ఎవరు వింటున్నరో.

బాబు నిద్రపోతె? పోనియ్యండి. నేను పుట్టిన ఊర్లె యక్షగానం ఆడ్తె ఇంటికొక బొంత, చాప పట్టుకొని పోయేది, ముందు వరుసంతా పండుకున్న పిల్లగాండ్లే ఉండేది. నటుల మొకాలకు అర్దళం అనే పచ్చ రంగు, నెత్తికి పొనికి చెక్క కిరీటం, కాగడా మీద గుగ్గిలం పొడి కొడ్తె భగ్గుమని మంట లేచేది, అప్పుడు మా అవ్వ "లే లే రాక్షసుడొచ్చిండు" అని తట్టి లేపేది, చూసేది, మళ్ల పండుకునేది. నాకు నాటకం అంటె ఇష్టం పుట్టింది ఆ నాలుగైదు మెలకువలకే, మొత్తం నాటకం ఎన్నడు చూడలే చిన్నప్పుడు. మీ బాబును గూడ ఘటోత్కచుడు వచ్చేటప్పుడు ఒకసారి, పెండ్లి పీటల కాడ ఒకసారి లేపండి. అందుకే 1200 మునుగుడు అన్న లెక్క వద్దు, వాడు రెండు సీన్లు చూసినా చాలు. అసలు ఐదేండ్లోడికి టికెట్ కావాల్నా అని కౌంటర్ల అడగండి, ఒళ్లె కూసుంటె తీసుకోకపోవచ్చు, అయితె 1000కే అయితది.

టైము సంగతి. పోస్టర్ మీద ఆరున్నర అని ఉంటె, టికెట్ పెట్టి ఆడే సమాజమైతె ఆరున్నరకే తెర లేపుతరు, లేటుగ పోకండి, ఎందుకంటె తెర లేవకముందు లోపల్నుంచి అందరు కలిసి ప్రార్థన పాడ్తరు, సాంబ్రాణి వాసన వస్తది, తెర కిందికెళ్లి కాళ్లు కదులుతుంటయి, పిల్లలకు ఆ ఐదు నిమిషాలు మస్తు ఇష్టం. అదే ఎవరన్న పెద్దమనుషులు ముఖ్య అతిథులుగ వస్తున్న ఫ్రీ ప్రోగ్రాం అయితె ఏడున్నర దాక జ్యోతి, శాలువలు, ఉపన్యాసాలు, పిల్లల ఓపిక అంత ఆడ్నే అయిపోతది, అట్లాంటి దానికి ఏడింటికి పోయినా నష్టం లేదు. దసరా సెలవుల్ల ఇంకో చిక్కు బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాక తొమ్మిది రోజులు మాపటికి ఆడోళ్లు ఇంట్ల ఉండరు కదా. సద్దుల రోజు అయితె ఆలోచనే వద్దు. మిగతా రోజులల్ల ఐదు గంటలకే బతుకమ్మ ఆడుకొని నిమజ్జనం చేసుకొని అదే చీర మీద అటే పోండి, అత్తమ్మకు రెండు పండుగలు ఒక్క దినమే అయినట్టుంటది.

తిండి ముచ్చట చిన్నగ. కరకర మోగే ప్యాకెట్లు వద్దు, పద్యం నడుమ ప్యాకెట్ చింపుతె ఆ చప్పుడు నాకు హార్మోనియం కాడికి ఇనబడేది. పల్లి పట్టీలు డబ్బల వేసుకొని పోండి, మన బత్తాయిలు ఇంట్లనే ఒలిచి తొనలు పెట్టుకొని పోండి, గొంతు ఎండదు. ఇంటికాడికెళ్లి బయలుదేరేముందె పిల్లల్ని బాత్‌రూంకు పంపండి, పాత హాళ్లల్ల ఎట్లుంటయో మీకు నేను చెప్పేది ఏముంది. ఫోన్ల వీడియో తీసినా ఫ్లాష్ బంద్ చేయండి, చీకట్ల తీగ మీద మనిషి వేలాడ్తుంటె కండ్లల్ల లైటు కొడ్తె ప్రమాదం, అది మర్యాద ఒక్కటే గాదు.

అయిపోయినంక వెంటనే ఆటో కోసం ఉరకకండి. పావుగంట ఆగండి, అడిగి మేకప్ రూం కాడికి పోండి, చాన మంది రానిస్తరు. మేకప్ సగం తుడుచుకున్న ఘటోత్కచుడు చాయ్ తాగుతుంటడు, శశిరేఖ నగలు విప్పి డబ్బల పెడ్తుంటది, మీ పిల్లలకు ఆ గద బరువు ఎంతనో పట్టుకొని చూడమని ఇస్తరు, అది చెక్కనో అట్టనో ఉంటది, వాడు ఒక్క చేత్తో లేపుతడు. హార్మోనియమాయన కాడికి గూడ పోండి, పాపను ఒక్క కట్ట నొక్కి చూడనియ్యమని అడగండి. ఎవ్వరూ వద్దనరు, మమ్మల్ని ఎవరు అడుగరు గాబట్టి అడిగితె సంతోషం. మన పాలమూరు దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చేదాక, నారాయణపేట దిక్కు బుర్రవీణ కొండప్పకు 2024ల వచ్చేదాక ఆ వాయిద్యాల పేర్లే మందికి తెల్వకపోయె. పిల్లలు చేతితోని ముట్టుకుంటె పేరు మర్చిపోరు.

రాత్రి తొమ్మిదిన్నర పది అయితది అంతా అయ్యేసరికి. మీది టౌనే గాబట్టి బస్సు తిప్పలు లేవు, క్లాక్ టవర్ కాడ ఆటోలు దొరుకుతయి గాని పండుగ రోజుల్ల రేటు పెంచుతరు, వచ్చేటప్పుడే ఒకాయన నంబరు తీసిపెట్టుకోండి. మీ ఆయనను మాత్రం అత్తమ్మ పక్కన్నే కూసోబెట్టండి, ఎందుకంటె ఆమెకు కనీసం రెండు పద్యాలన్న నోటికి వస్తయి, ఆ వయసోళ్లకు వస్తయి, నటుడితోని పాటు ఆమె పెదాలు కదుల్తయి. ఏ పద్యం వచ్చిందో, ఏడ నేర్చుకున్నదో అడిగి నాకు గూడ రాయండి, దేవరకొండ దిక్కు ఆడబిడ్డ అన్నరు కదా, ఆమె చూసిన నాటకాలల్ల పెట్టె వాయించింది నేనే అయినా అయ్యుంట.